మూడో సీసా వాసన

గణేశ్వరరావుకి వాసన తెలియడం మానేసి పదకొండు నెలలైంది. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. ఈ సంగతి ఇంట్లో భార్య శ్రీలక్ష్మికి తెలుసు. పోర్ట్ బ్లెయిర్‌లో ఇరవై రెండేళ్లుగా అతను బార్ మేనేజరుగా ఉన్న హోటల్లో ధరణి ఒక్కతికే తెలుసు.

ధరణి అదే ఊళ్లో డిగ్నాబాద్ పేట పిల్ల. బార్‌లో అతని కింద పనిచేస్తుంది. మందు నోట పెట్టదు. ఒకరోజు పాడైన రొయ్యల ప్లేటును అతను నిశ్చింతగా టేబుల్‌కి పంపబోతుంటే ఆపి, అతని ముఖం చూసి, మొత్తం గ్రహించింది.

"ఎవ్వరికీ చెప్పన్లెండి సార్. నేను వాసన చూసి చెప్తాను, మీరు బోలండి," అంది.

అప్పటినుంచి ముక్కు ఆమెది, మాట అతనిది.

ఆగస్టులో యజమాని దేవేంద్ర ఐర్లండ్ నుంచి మూడు విస్కీ సీసాలు తెచ్చాడు. అక్కడొక విస్కీ బట్టీ పెట్టి నూరేళ్లయిన సందర్భంగా చేసినవట. మూడోదాని మీద చేత్తో రాసిన నంబరు కూడా ఉంది. దాన్ని అందరికీ చూపించి మురిసిపోయాడు. ఆదివారం మధ్యాహ్నం పన్నెండుమందిని రుచి చూడ్డానికి పిలిచాడు. ఒక్కో విస్కీ ఎలా ఉంటుందో వివరించాల్సింది గణేశ్వరరావు.

ఆ పొద్దున ఇద్దరూ సీసాలు తెరిచారు. మొదటి గ్లాసు దగ్గర ధరణి కళ్లు మూసుకుంది.

"నేతిలో గోధుమరవ్వ వేగుతున్నట్టుంది సార్. వెనకాల ఆపిల్ తొక్క."

రెండోది చూసి నవ్వింది. "ఎండుద్రాక్ష, లవంగం. పెళ్లి లడ్డూల డబ్బా మూత తీసినట్టు."

మూడోదానికి మొహం చిట్లించింది. "ఇది గడ్‌బడ్ ఉంది సార్. తడి గోనెసంచి కంపు. బిరడా పాడైపోయినట్టుంది. మత్ దీజియే, ఎవరికీ ఇవ్వకండి."

గణేశ్వరరావు చుక్క నాలుక మీద వేసుకున్నాడు. మంట, కొంచెం చేదు. అంతే. యజమానికి చెబితే, 'ఏదీ, మీరు చూసి చెప్పండి' అంటాడు. అప్పుడేం చెప్పాలి?

"పాత ఓక్ పీపా వాసన అలాగే ఉంటుంది. నీకు తెలీదు," అన్నాడు.

ధరణి బిరడా మళ్లీ బిగించి పెట్టేసింది.

మొదటి రెండింటికీ అతిథులు తలలూపారు. నేతిలో వేగిన రవ్వ అనగానే ఒకావిడ "వాహ్" అంది. మూడోదానికి గణేశ్వరరావు గ్లాసెత్తి వెలుగులో తిప్పాడు. పాత తోలు, తేనె, వానకి తడిసిన అడవి అన్నాడు. ఎప్పుడో పుస్తకంలో చదివిన మాటలు.

ముసలి కాంట్రాక్టరు కన్నబాబు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వెంటనే దించేశాడు.

"రావుగారూ, మీరు దీన్ని వాసన చూసేరా?"

దేవేంద్ర తన గ్లాసు వాసన చూశాడు. ముఖం ఎర్రబడింది. "క్యా హై యే, రావ్‌గారూ?"

గదిలో అందరూ తనవైపే చూస్తున్నారు. గణేశ్వరరావు నోట్లోంచి మాట అతనికే తెలియకుండా వచ్చేసింది.

"పొద్దున ధరణి తెరిచింది సార్. మూత సరిగా పెట్టలేదేమో."

ధరణి అతన్ని చూసింది. గ్లాసులన్నీ ట్రేలో సర్దుకుంది. రేపట్నుంచి రానక్కర్లేదని దేవేంద్ర అందరి ముందే అన్నాడు. ఆమె ట్రే ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఇంట్లో శ్రీలక్ష్మి అన్నం వడ్డించింది. అతను కంచం ముందు కూర్చుని జరిగింది చెప్పాడు. ఆమె గరిటె కింద పెట్టింది. "ఆ పిల్ల మీకేం చేసిందండీ?" అంది. అతను చేయి కడిగేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే యజమాని గదికి వెళ్లి అన్నీ చెప్పేశాడు.

దేవేంద్ర నమ్మలేనట్టు చూశాడు. "మరి ఇన్నాళ్లూ ఎవరి ముక్కుతో మాట్లాడేరు?"

"ధరణి ముక్కుతో."

ఆమెను మళ్లీ పనిలోకి పిలవమన్నాడు. గణేశ్వరరావుని బార్ నుంచి తప్పించి సరుకుల గదికి వేశాడు.

అతనే డిగ్నాబాద్ వెళ్లాడు. ధరణి తల్లి ఎరుకమ్మ తలుపు తీసి, లోపలికి రమ్మనలేదు. ధరణి గుమ్మంలోకి వచ్చింది. తప్పు తనదేనని, యజమానికి చెప్పేశానని అన్నాడు.

"నా మాటలు మీవని చెప్పుకున్నారు. కోయీ బాత్ నహీ అనుకున్నాను. మీకు ముక్కు లేదు కదా అని," అంది ధరణి. "ఆఖరికి తప్పు కూడా నాదే చేస్తారనుకోలేదు సార్."

"క్షమించమ్మా."

"డ్యూటీకి వస్తాను. క్షమించమని మాత్రం అడక్కండి."

మూడు వారాలకి దేవేంద్ర మళ్లీ అతిథుల్ని పిలిచాడు. ఈసారి కౌంటరు వెనక ధరణి నిలబడింది. తెలుగూ హిందీ కలిపి, తనకి తోచినట్టే చెప్పింది. సరుకుల గదిలో గణేశ్వరరావు సోడా పెట్టెలు పేరుస్తూ విన్నాడు. ఆమె ఏదో అంది, అందరూ నవ్వారు. ఏమందో సరిగా వినపడలేదు. వెళ్లి అడగాలనిపించింది. అడగలేదు.