పది కాజాలు

"కాజాలకు కూలేముందప్పా, మా ఇంటామె కుట్టేస్తాది," అన్నాడు దామోదరం. అంగడి వెనక వాకిట్లో తెల్ల డ్రిల్లుగుడ్డను తొట్టినీళ్లలో తొక్కుతున్న పంకజమ్మకు మొగుడి మాట తెర దాటి వినబడింది. కత్తిరించకముందే గుడ్డను ముడుచుకోనిచ్చి ఆరబెట్టాలి. ఆ పనికీ కూలి లేదు.

వచ్చినాయన నారాయణన్, వేలూరు బజారులో కొత్తగా తెరిచిన ఇంగ్లీషు భోజనాల హోటలుకు మేనేజరు. వంటవాళ్లకు ఇరవైనాలుగు తెల్లకోట్లు కావాలట. ముందుభాగం రెండు రెక్కలు. ఒకదానిమీద పులుసు చిందితే దాన్ని లోపలికి తిప్పి రెండోదాన్ని పైకి వేసుకుంటారు. అందుకే గుండీలు పట్టేందుకు రెండువైపులా అయిదేసి కాజాలు.

"కోటుకు అయిదణాలు తగ్గించండి సెట్టియారే. లేకుంటే ఇంకో కడై చూసుకుంటాను," అన్నాడు నారాయణన్, అరవం కలిసిన తెలుగులో.

దామోదరం ఒక్కొక్క వేలే మడిచాడు. మిల్లుగుడ్డ ధర మిల్లువాడి చేతిలో ఉంది. పల్చటిది పెడితే పొయ్యి సెగ ఒంటికి తగులుతుంది. గుడ్డతో పేనిన గుండీలే ఉండాలి, ఇస్త్రీకి పగలకూడదు. మిషను కుట్టే పనివాడు మారికి కూలి కోస్తే రేపే ఎదురంగడిలో కూర్చుంటాడు. వేలూరికి మూట చేర్చే బస్సువాడు సరేసరి. ఏదీ తగ్గేది కాదని తేలాక ఆ మహానుభావుడికి పెళ్లాం గుర్తొచ్చింది.

పోయినేడుదాకా కాజాలు యోసేపు కుట్టేవాడు. కాజాకు అర్ధణా. శనివారం సాయంత్రం పెద్దాయనను కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి మరీ చేతిలో పెట్టేవాడు దామోదరం. యోసేపుకు చూపు మందగించి బాగాయంలో కొడుకు దగ్గరికి పోయాక, "ఇంకో మనిషి దొరికేదాకా నువ్వు చూసుకో పంకజా," అన్నాడు. మనిషిని వెతికినట్టు ఆమె ఎరగదు. వంటయ్యాక, గిన్నెలయ్యాక, అత్త కాళ్లకు నూనె రాసినాక దొరికే ఆ కాస్త వెలుతురులో ఏడాదిగా కుడుతూనే ఉంది. ఒకసారి మాత్రం నోరు తెరిచింది, యోసేపుకిచ్చినదాంట్లో సగమిస్తే కండ్లద్దాలు చేయించుకుంటానని. "రేపు అన్నం వడ్డించినందుకూ కూలి అడుగుతావేమో," అని దామోదరం నవ్వాడు. "మేమడిగినామా ఎప్పుడైనా," అని లోపలినుంచి అత్త సరస్వతమ్మ కూడా నవ్వింది. తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేది. నవ్వేసరికి ఏడవడానికీ లేకపోయింది. ఇదే దామోదరం, చిత్తూరు ఆంధ్రాలోకి పోయి తమ ఊరు గుడియాత్తం మద్రాసు రాష్ట్రంలో నిలిచిపోయినందుకు అంగడిలో రోజూ మండిపడతాడు. "మమ్మల్ని ఒక్కమాట అడక్కుండా గీత గీసేసినారు," అంటాడు. కాఫీలు అందిస్తూ ఆ మాట విన్న ప్రతిసారీ, నన్నెవరడిగినారు అనుకుంటుంది ఆమె.

ఈసారి ఉండబట్టలేకపోయింది. తడికాళ్లతోనే తెర దగ్గరికి వచ్చింది.

"నాకు కండ్లు ఆనడంలేదండీ. రెండునూర్ల నలబై కాజాలు ఎట్లా కుట్టేది?"

దామోదరం తల తిప్పలేదు. "అయ్యకు కాఫీ పంపించు."

"ఇంటి ఆడవాళ్ల చేతిపనంటే మాకు నమ్మకమమ్మా," అన్నాడు నారాయణన్ మర్యాదగా. అయిదణాలు తగ్గాయి, బేరం కుదిరింది. పంకజమ్మ కాఫీ కలిపి పంపింది. ఇంకేం చేయగలదు?

వారం తిరిగేసరికి మారి కుట్టిన కోట్లు ఒడిలోకి వచ్చాయి. మధ్యాహ్నం వసారాలో కూర్చుంది. సూదిలో దారం నాలుగుసార్లు ఎక్కించబోతే నాలుగుసార్లూ తప్పింది. పడుకున్న చోటినుంచే సరస్వతమ్మ చూసింది.

"వాసంబకు పదేండ్లు వచ్చినాయి గదా, దానికి నేర్పు. నీ కండ్లకు ఆసరాగా ఉంటాది."

ఇన్నాళ్లూ తల్లి చేతివైపే చూస్తూ కూర్చున్న పిల్ల అడిగించుకోలేదు. సూది లాక్కుని, దారమెక్కించి, కోటు రెక్క మీద ఒక కాజా కుట్టేసింది. పంకజమ్మ దాన్ని కంటికి దగ్గరగా తెచ్చుకుంది. బియ్యపుగింజలు పేర్చినట్టు ఉన్నాయి కుట్లు. మూలలు బిగువుగా ఉన్నాయి. యోసేపుకు కూడా ఇంత బాగా రాలేదు. ఆమెకు గుండె నిండిపోయింది, ఆ వెంటనే భయం వేసింది. ఈ ఇరవైనాలుగు అయ్యాక ఇంకో ఇరవైనాలుగు వస్తాయి. రేపు పెళ్లయి పోయే ఇంట్లోనూ ఒక అంగడి ఉంటుంది, ఒక తెర ఉంటుంది. ఏదీ తగ్గదని తేలినప్పుడల్లా ఈ వేళ్ల కూలే తగ్గుతుంది.

"యాడ, ఇట్లా చూపీ," అని సరస్వతమ్మ లేవబోయింది.

పంకజమ్మ రెక్కను తిప్పేసి ఒడిలో పెట్టుకుంది. బ్లేడు తీసుకుని కుట్లన్నీ తెంపింది, ఒక్కొక్క దారమే లాగి పారేసింది.

"దీనికి చెయ్యి తిరగదత్తా. గుడ్డ పాడుచేస్తాది."

"బాగానే వచ్చింది గదమ్మా," అంది పిల్ల. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రాలేదు. ఎప్పటికీ రాదు నీకు. పోయి పుస్తకం తీసుకో."

పిల్ల వెక్కుతూ లోపలికి పోయింది. పంకజమ్మ ఆ వైపు చూడలేదు. సూది అందుకుని అదే కాజాను మళ్లీ కుట్టింది. అది వంకరగా వచ్చింది.