బుట్టలో ఆరు అలారాలు

థర్మన్ గెయిన్స్‌ను స్ట్రెచర్ మీద కిందికి తెచ్చినప్పుడు మధ్యాహ్నం రెండున్నర అయింది. ఆ నవంబరు చలిలో మేమంతా ఇంటి చెప్పులతోనే వచ్చి రోడ్డు మీద నిలబడ్డాం. దుప్పటి ముఖం మీదికి లాగేసి ఉంది. బేకరీలో రాత్రంతా పిండి పిసికి పొద్దున్నే వచ్చి పడుకునే మనిషి. పడుకున్నవాడు పడుకున్నట్టే పొగకు పోయాడు.

యజమాని తరఫు మేనేజరు వాలిస్ అప్పటికే ఫైరాఫీసరు చెవిలో జోరీగలా చేరాడు. "ఇంట్లో పొగ అలారం ఉండింది సార్. మార్చి తనిఖీలో పాసైన ఇల్లిది, కాగితం నా దగ్గరుంది. సిగరెట్లు తాగడం కోసం ఈయనే పీకేసి ఉంటాడు" అంటున్నాడు.

థర్మన్ జన్మలో సిగరెట్టు ముట్టలేదు. ఆ ఇంట్లో అలారమూ లేదు. మార్చిలో దాన్ని అతని గోడకు తగిలించింది నేను. పావుగంట తర్వాత పీకి తీసుకుపోయిందీ నేనే. అంత తెలిసీ తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని నిలబడ్డాను.

నా పేరు ఒడెస్సా ప్రూయిట్. ముసలివాళ్ల ఆశ్రమంలో బట్టలుతికే పని, ఇరవై ఏడేళ్లుగా. మీలో షిఫ్టు దిగి వచ్చినవాళ్లున్నారు, కాలేజీ పిల్లలున్నారు. మా హాల్డెన్ వీధి పోరాటం గురించి చెప్పమని పిలిచారు. చెప్తాను. కానీ ముందు నా తప్పు చెప్పాలి. అది దాటేసి మిగతాది చెబితే నేనూ వాలిస్ లాంటిదాన్నే అవుతాను.

మా బిల్డింగులో ఇరవైనాలుగు ఇళ్లు, అన్నీ వోచరు ఇళ్లే. మా సంపాదనలో మూడో వంతు దాకా మేం అద్దె కడతాం, మిగతాది ప్రభుత్వం నేరుగా యజమానికిస్తుంది. ఆ వోచరు కాగితం కోసం నేను తొమ్మిదేళ్లు వరుసలో ఉన్నాను. ఏడాదికోసారి హౌసింగ్ ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఇల్లు ఫెయిలైందంటే యజమానికి డబ్బు ఆపేస్తారు. యజమాని బాగు చేయకపోతే మూటాముల్లె సర్దుకోవలసింది మాత్రం మేమే. అరవై రోజుల్లో ఇంకో ఇల్లు వెతుక్కోవాలి, లేదంటే కాగితం చస్తుంది. పోయిన ఏడాది ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. పైనుంచి నిధులు తగ్గాయట, ఒకసారి చచ్చిన వోచరును మళ్లీ ఎవరికీ ఇవ్వరట.

అందుకని యజమాని బొక్కలు మేమే కప్పేవాళ్లం. గోడ పగిలితే చర్చి క్యాలెండరు, నేల కుంగితే తివాచీ. చూశారా మా తెలివి? ఇల్లు వాడిది, సిగ్గు మాది.

ఆ కళలో నన్ను మించినవాళ్లు లేరు. బిల్డింగు మొత్తానికి పనిచేసే పొగ అలారాలు ఆరే. ఇన్‌స్పెక్టరు ఒక ఇల్లు చూసి పక్కింటికి పోగానే నేను అలారం పీకి, బట్టల బుట్టలో పడేసి, పైన తువ్వాలు కప్పి, వెనక మెట్ల మీదుగా పై అంతస్తుకు చేర్చేదాన్ని. ఆరు అలారాలతో ఇరవైనాలుగు ఇళ్లను పాస్ చేయించాను. జనం నన్ను పొగిడారు. నేనూ పొంగిపోయాను, దాచడం ఎందుకు?

కొనుక్కోలేనంత ఖరీదా అని అడుగుతారు మీరు. కాదు. యజమాని ఇవ్వాల్సింది మనమెందుకు కొనాలని పంతం, వచ్చే నెల తెస్తానని వాలిస్ చెబితే నమ్మడం, ఇన్నాళ్లూ ఏం కాలేదు గదా అన్న ధీమా. తనిఖీ అయ్యాక ఆ ఆరింటినీ బుట్టతో సహా నా అలమరలో పెట్టేశాను, వచ్చే ఏడాదికి పనికొస్తాయని.

ఆ సాయంత్రం థర్మన్ వచ్చాడు. "మిస్ ఒడెస్సా, ఒకటి నాకిద్దురూ. పగలు పడుకునేవాణ్ణి, ముక్కుకు వాసన కూడా సరిగా తెలీదు."

"నీకిస్తే మిగతావాళ్లంతా నా తలుపు కొడతారు. ఆరూ ఒకచోట ఉంటేనే మన ఇళ్లు నిలుస్తాయి, థర్మన్" అన్నాను.

"సరే మేడమ్, మీరు చెప్పాక ఇంకేముంది" అని నవ్వి వెళ్లిపోయాడు. అతని ఇంట్లో గదిని వెచ్చబరచాల్సిన రేడియేటరు మూడేళ్లుగా చల్లగానే ఉంది. ఆ నవంబరులో ప్లగ్గుకు పెట్టుకున్న చిన్న హీటరు అంటుకుంది.

థర్మన్‌ను పాతిపెట్టిన మర్నాడు వాలిస్ నా ఇంటికొచ్చాడు. ఎన్నడూ లేనిది టోపీ తీసి కూర్చున్నాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు.

"ఇదొక చిన్న సంతకం, మిస్ ప్రూయిట్. మార్చిలో ఆ ఇంట్లో అలారం చూశానని మీరు రాస్తే చాలు. అబద్ధం కూడా కాదు, చూశారుగా."

"రాయకపోతే?"

"బుట్ట సంగతి నాకు తెలియదనుకున్నారా? ఆఫీసును మోసం చేసినవాళ్ల వోచరు పీకేస్తారు. ఈ వయసులో ఎక్కడికి పోతారు చెప్పండి."

వాడికి మొదటినుంచీ తెలుసు. ఆ మాట విని కోపం రాలేదు నాకు, భయమేసింది. కాగితం తీసుకున్నాను. రెండు రోజులు వంటింటి బల్ల మీద ఉంచుకుని అన్నం దాని పక్కనే తిన్నాను. పెన్ను కూడా తీశాను. ఇది మీకు చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు.

ఆదివారం చర్చి కింది గదిలో మీటింగు పెట్టారు. నిప్పంటుకుంది కాబట్టి గురువారం మళ్లీ తనిఖీ అని ఆఫీసు చెప్పింది. పిలిచింది మా బిల్డింగులోనే ఉండే క్లిఫ్టన్, బస్సులు నడిపి రిటైరైనవాడు, పాత యూనియను మనిషి.

"ఈసారి ఏదీ కప్పొద్దు. క్యాలెండర్లు దించండి, తివాచీలు చుట్టేయండి" అన్నాడు.

మరిసోల్ లేచింది. ముగ్గురు పిల్లల తల్లి, పోర్టోరికో నుంచి వచ్చి హోటల్లో గదులు ఊడుస్తుంది. "నీకేం పెద్దాయనా, ఒంటికాయ సొంటికొమ్మువి. ఫెయిలైతే నా పిల్లల్నేసుకుని ఎక్కడ తిరగను? వోచరు అనగానే ఫోను పెట్టేస్తున్నారు. పోయినేడు పదిహేడు ఇళ్లు అడిగా."

"ఒక్కిల్లు ఫెయిలైతే అది ఆ ఇంటి ఖర్మ. ఇరవైనాలుగూ ఫెయిలైతే ఆఫీసు ఖర్మ. ఇంతమందిని ఏ వీధిలో పడేస్తారు? మనం కదలం. యజమానికి పోయే డబ్బు ఆపి దాంతోనే బాగు చేయించమందాం. ఒక్క కాగితం కూడా చావకూడదని ఆఫీసులోనే కూర్చుందాం."

"పైనుంచి డబ్బు లేదంటారు."

"మన గొంతు పైదాకా పోలేదు కాబట్టి అంటారు. ఇన్నేళ్లూ మన ఇళ్లన్నీ పాసయ్యాయి. అన్నీ బాగున్నాయని వాళ్ల లెక్క. ఆ లెక్క ఎవరిచ్చారు? మనమే."

ఆ మాట నన్నే వెతుక్కుంటూ వచ్చి తగిలింది. నేను లేచాను. బుట్ట గురించి చెప్పాను. అలమర గురించి, థర్మన్ అడగడం గురించి, వాలిస్ కాగితం గురించి కూడా చెప్పాను. వెనక తలుపు దగ్గర థర్మన్ చెల్లెలు వెర్నా నిలబడి ఉంది. అన్న బట్టలు తీసుకుపోదామని ఊరినుంచి వచ్చింది. నేను చూసుకోలేదు.

"ఎన్నున్నాయి నీ అలమరలో?" అంది.

"ఆరు."

"ఆరూ పనిచేసేవేనా?"

"పనిచేసేవే."

ఆమె వెళ్లిపోయింది. కొట్టి ఉంటే బాగుండేది. మరిసోల్ నా దగ్గరికొచ్చింది. "తగిలించుకుంది మేమూ కదా, మిస్ ఒడెస్సా. మా గోడకు మేమే మేకు కొట్టాం" అంటూ ఏడ్చింది. ఏదీ కప్పొద్దన్న క్లిఫ్టన్ మాటకు ఆ ఏడుపులోనే చేయెత్తింది. తర్వాత అందరూ ఎత్తారు.

గురువారం పది గంటలకు ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. గోడల మీద క్యాలెండర్ల చోట బొక్కలు. ప్రతి ఇంట్లోనూ ఆయన అడిగాడు, "అలారం?" ప్రతి ఇంట్లోనూ ఒకటే జవాబు, "లేదు." మొదట్లో తలెత్తకుండా రాసుకున్నాడు. పదో ఇంటికి పెన్ను ఆగింది. వాలిస్ వెనక వెనకే వస్తూ, "వీళ్లు కూడబలుక్కున్నారు" అని గొణుగుతున్నాడు.

"అవును, కూడబలుక్కున్నాం. నేర్చుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది" అన్నాడు క్లిఫ్టన్.

చివర మసిబారిన థర్మన్ తలుపు. అక్కడ వెర్నా ఉంది. వాలిస్ కాగితం తీసి, "ఇది మాత్రం మార్చిలో పాసైంది" అన్నాడు. నేను బుట్ట తెచ్చి ఆ గుమ్మంలో పెట్టాను. అతను నాకిచ్చిన, నేను సంతకం పెట్టని కాగితాన్ని దాని మీద పెట్టి, జరిగింది చెప్పాను.

ఇన్‌స్పెక్టరు పెన్ను ఎత్తి పట్టుకున్నాడు. "అమ్మా, ఇది రాస్తే మీ వోచరు పోవచ్చు. రాయనా, మానేయనా?"

"రాయండి. నా పేరు అక్షరాలు తప్పు లేకుండా రాయండి."

ఆయన రాశాడు. ఇరవైనాలుగు ఇళ్లూ ఫెయిల్. మేం కోట్లు తొడుక్కుని ఆఫీసుకు బయల్దేరాం, పిల్లలతో, దుప్పట్లతో. మెట్ల దగ్గర నేను తల వంచుకుని వెనక్కి తగ్గాను. ఆ గుంపులో ముందు నడిచే ముఖం నాకెక్కడిది? వెర్నా బుట్ట ఎత్తి నా చేతుల్లో పెట్టింది.

"నిన్ను క్షమించాననుకోకు" అంది.

"అనుకోను."

ఆమె పైనున్న తువ్వాలు తీసి తన భుజాన వేసుకుంది. "నువ్వే మొయ్యి. ముందు నడు. ఈసారి కప్పకు."

పదకొండు వీధులు నడిచాం. ఏ అలారానిదో బ్యాటరీ అయిపోవస్తున్నట్టుంది, బుట్టలోంచి దారి పొడుగునా కూస్తూనే ఉంది. ఎవరూ దాని నోరు నొక్కలేదు.