మొగని పేరు చెప్పని ఓట్లు

"మా గల్లీ ఆడోళ్ళ ఓట్లు మింగింది మీరిద్దరే! ఆఫీసరు సాబ్ ఒకడు, అడ్డం వడే ఈ రామస్వామి ఒకడు!"

ఓట్లు పడుతున్న బడి అర్ర దద్దరిల్లింది. అరిచింది బీడీలు చుట్టే ఈరవ్వ.

నిజామాబాద్ మునిసిపాలిటీకి పదేండ్ల సంది రామ్‌దాస్ సేటే ఛైర్మన్. మళ్ళా ఆ కుర్సీ ఎక్కాలంటే ముందుగాల ఈ వార్డుల గెలువాలె. పదేండ్లల్ల గల్లీకి ఒక్క నల్లా ఏపియ్యలే. ఈసారి ఆయనకు ఓటు లేదని ఆడోళ్ళంతా ఒక్కమాట మీద నిలవడ్డరు. గది సేటుకు తెలుసు. అందుకే తన ఏజెంటు రామస్వామిని అర్రల కూసుండవెట్టిండు.

రామస్వామి పన్నిన ఎత్తు చిన్నదే. ఓటు కాయితం ఇచ్చే ముందు మొగని పేరు అడుగుతరు. ఆ పేరు నోటితోని పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతదని మన ఆడోళ్ళ భయం. ఏ ఓట్లప్పుడైనా పక్కామె చెప్తది, పని అయిపోతది. ఇయ్యాల రామస్వామి అడ్డం వడ్డడు. "ఎవరి మొగని పేరు వాళ్ళే చెప్పాలె సాబ్. లేకుంటే దొంగ ఓటే." ఆఫీసరు తలూపిండు. పన్నెండు మంది తలకాయలు వంచుకొని వాపసు పోయిండ్రు. ఆ తర్వాత వచ్చింది ఈరవ్వ వంతు. ఆమె అరిచింది గందుకే.

"నా పెనిమిటి ఎవరో నీకెరుక లేదారా? మొన్ననే కదరా మా ఇంట్ల ఆయన పక్కన కూసోని తిన్నవు!"

"తిన్న వదినె, కాదన్ననా? రూలు రూలే. చెప్పు, లేకుంటే నడు." పండ్లికిలించిండు.

ఈరవ్వ పెనిమిటి బోధన్‌ల చెరుకు బండ్లు తోలుతున్నడు. నిరుడే బండి బోల్తా వడి కాలిరిగినోడు. ఏమన్నయితే? కిటికీల నుంచి, వాపసు పోయినోళ్ళల్ల ముసలి దేవవ్వ కనవడ్డది. ఓటెయ్యకుండనే కొంగుతోని కండ్లు తుడుసుకుంట పోతున్నది.

"హన్మాండ్లు!" అన్నది ఈరవ్వ. "హన్మాండ్లు పెండ్లాన్ని! ఇంకోసారి చెప్పాల్నా? ఆయుష్షు తగ్గేది ఆయనకు కాదురా, మీ సేటు కుర్సీకి!"

కాయితం చేతికొచ్చింది. ముద్ర గుద్ది డబ్బల ఏసి, దర్వాజకు అడ్డం కూసున్నది.

"ఇగ నడువమ్మా," అన్నడు పోలీసు.

"నడువ. పన్నెండు మందిని ఇప్పుడే పిలిపియ్యుండ్రి. పక్కామె చెప్పిన పేరు రాసుకోండ్రి. వాళ్ళ ఓట్లు పడేదాక ఈ డబ్బకు సీలెయ్యొద్దు!"