కప్పు కింద బొంత

చమురు ధరలు మండిపోయిన ఏడు, బొగ్గున్న భూములను సర్కారు తీసుకునే చట్టం గోదావరిఖని పక్కనున్న ఐలవ్వ మక్కచేను దాకా వచ్చింది. దేశానికి కరెంటు కావాలి, కరెంటుకు బొగ్గు కావాలి, ఆ బొగ్గు ఐలవ్వ చేను కింద ఉంది. కాదనడానికి ఏముంది? చేను పోయింది, బదులుగా ఆమె మొగుడు మొగిలికి గనిలో పని దొరికింది. తవ్వడమంతా లోపలే కాబట్టి పైన చేను కొన్నాళ్లు చేనులాగే ఉంది.

చట్టాలు రాసేవాళ్లు కింద బొగ్గు ఎంతుందో చూస్తారు గానీ, పైన ఎవరు పడుకున్నారో చూడరు. చేను గట్టున తుమ్మచెట్టు కింద ఐలవ్వ కొడుకు పడుకున్నాడు. నెల నిండకముందే జ్వరంతో పోయాడు, పేరు కూడా పెట్టలేదు. పసివాళ్లను కాల్చరు కదా, సొంత చేనులోనే పూడ్చుకుని ఒక రాయి పాతారు. ఐలవ్వ మధ్యాహ్నాలు ఆ రాయి పక్కన ఒరిగి, నేలకు చెవి ఆనించేది. కింద మొగుడు, మధ్యలో కొడుకు, పైన తను. ముగ్గురూ ఒకే ఇంట్లో కునుకు తీస్తున్నట్టు ఉండేది. ఆ కాసేపూ ఆమెకు ఏ బాధా ఉండేది కాదు.

గనిలో బొగ్గంతా ఒకేసారి తీయరు. కప్పు నిలవడానికి అక్కడక్కడా స్తంభాల్లా వదులుతారు. చివర్లో వాటినీ తవ్వుకుంటూ వెనక్కి వస్తారు. అప్పుడు కప్పు కూలుతుంది, పైన నేల దిగుతుంది. స్తంభాలు తవ్వే పని ఇప్పుడు మన చేను కిందికే వచ్చిందని ఒకరోజు మొగిలి అన్నం తింటూ చెప్పాడు. ఐలవ్వ చేతిలో ముద్ద ఆగిపోయింది. చేను ఎట్లాగూ పోయింది, దిగితే దిగనీ. కానీ పిల్లవాడు పడిపోతాడు. చీకట్లోకి, ఒక్కడే.

తుమ్మచెట్టు కింది స్తంభం ఒక్కటి వదిలేయించమంది. మొగిలి వెళ్లి సర్వే చూసే కుతుబుద్దీన్‌ను అడిగాడు. అతను కసురుకోలేదు. పిడికెడు బొగ్గు కూడా వదలొద్దని పైనుంచి ఉత్తర్వు ఉందన్నాడు. తన చిన్న కూతురు కూడా ఖబరస్తాన్‌లో ఉందన్నాడు. మర్నాడు కొలతలు వేసి, గనిలో ఆ స్తంభాన్ని ఆనుకుని, సరిగ్గా ఆ రాయి కిందికి వచ్చే చోట నేల మీద సున్నంతో గుర్తు పెట్టి ఇచ్చాడు.

సంగతంతా విని ఐలవ్వ ఏడవలేదు. సందూక అడుగు నుంచి చిన్న బొంత తీసింది. కడుపుతో ఉన్నప్పుడు పాత చీరలతో కుట్టుకున్నది.

"గా గుర్తు కాడ మెత్తగ ఎయ్యి బావా. పడితె పోరనికి దెబ్బ తాకొద్దు."

నీకేమన్నా పిచ్చా అని మొగిలి అనొచ్చు. అనలేదు. మొదటి షిఫ్టుకు సద్దిగిన్నెతో పాటు బొంతనూ చంకలో పెట్టుకుని గని దిగాడు. తోటివాళ్లు ఒక్కరూ నవ్వలేదు. స్తంభం తవ్వేశాక, కప్పుకు ఆనించిన ఊతకర్రలు లాగేముందు, అతను గుర్తు మీద బొంత పరిచి ముడతలు సాపు చేశాడు. మెత్తగా ఉందో లేదో అరచేత్తో నొక్కి చూశాడు. తర్వాత కర్రలు లాగి అందరూ వెనక్కి వచ్చారు. కప్పు కాసేపు గొణిగి, కూలింది.

పైన ఐలవ్వను గనివాళ్లు చేను అవతలే ఆపారు. ఆమె చూస్తుండగా నేల మెల్లగా కిందికి దిగింది. తుమ్మచెట్టు కాస్త ఒరిగింది. రాయి మాత్రం పక్కకు పోలేదు, నేలతో పాటే దిగి నిలబడింది.

షిఫ్టు అయిపోగానే మొగిలి బొగ్గు మొహంతోనే పరుగెత్తుకొచ్చాడు. నేల కదలడం ఆగాక వెళ్లి రాయి పక్కన కూర్చున్న ఐలవ్వ పెదాల మీద వేలు పెట్టి అతన్ని ఆపింది.

"మెల్లగ రా బావా," అంది. "పోరడు లేవలే."