తెలిసి చేసిన తప్పులు

మగపిల్లల జట్టు బట్టలు కాలేజీవాళ్ళు ఉతుకుతారు. ఆడపిల్లల జట్టు బట్టలు కోచ్ ఉతుకుతుంది. ఇలా జరగాలని ఏ కాగితం మీదా రాసిలేదు. తొమ్మిదేళ్ళ కిందట మార్లా ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే కాలేజీ వాషింగ్ మెషిన్ మొరాయించింది. "పోనీలెండి, ఈ ఒక్కసారికి ఇంటికి పట్టుకెళ్తాను" అంది. ఆ ఒక్కసారి ఇంకా పూర్తి కాలేదు.

గురువారం సాయంత్రం ఇంటి కింది గదిలో నిలబడి సంచి బోర్లించింది. పద్నాలుగు జెర్సీలు, పద్నాలుగు నిక్కర్లు, జతలకోసం జీవితాంతం వెతుక్కునే మేజోళ్ళు. అన్నిటికంటే అడుగున పదకొండో నంబరు టవల్, నాలుగు మడతలుగా చక్కగా మడిచి ఉంది. అక్కడే అనుమానం వచ్చింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల మాసిన టవల్ మడతపెట్టడం మార్లా తన జన్మలో చూడలేదు. విప్పింది. పుల్లటి వాసన. వాంతి. పైపైన నీళ్ళతో కడిగి, మిగతాది లోపలికి వచ్చేలా మడిచి, అడుగున దాచారు. పదకొండో నంబరు పిల్ల పేరు లేనీ.

పోయిన శనివారం బాస్కెట్‌బాల్ ఆటలో లేనీ చేజారిన బంతికోసం దూకి తల వెనకభాగాన్ని నేలకి కొట్టుకుంది. అంత గోలలోనూ ఆ చప్పుడు మార్లాకి వినిపించింది. పిల్ల లేచి నవ్వింది, చెయ్యి ఊపింది, జనం చప్పట్లు కొట్టారు. పడిలేచిన ఆడపిల్ల నవ్వితే చాలు, జనానికి కడుపు నిండిపోతుంది. అయినా నియమం నియమమే కాబట్టి లేనీని కూర్చోబెట్టారు. ఇవాళ మధ్యాహ్నం తల పరీక్ష పెట్టారు. డాక్టరు సంతకం పెట్టాడు. ఎల్లుండి సెమీఫైనల్లో ఆడవచ్చు.

ఆ తల పరీక్షని ఆగస్టులో, ఆటలు మొదలుకాకముందే, ప్రతి పిల్లా కంప్యూటర్ ముందు కూర్చుని ఒకసారి రాస్తుంది. అది కొన్ని పదాలు చూపించి దాచేసి, ఏవేవి చూశావో చెప్పమంటుంది. రంగులు మెరిపించి ఎంత తొందరగా మీట నొక్కుతావో చూస్తుంది. ఆ మార్కులు దాచిపెడతారు. తర్వాత ఎప్పుడైనా తలకి దెబ్బ తగిలితే మళ్ళీ అదే పరీక్ష. ఆగస్టు మార్కులకి తగ్గకపోతే ఆడొచ్చు. తగ్గితే కూర్చోవాలి. పిల్లల గాయాలు చూసే ట్రైనర్ రోండా ఇవాళ కాగితం చేత్తో పట్టుకుని వచ్చి, "చూశావా మార్లా, దెబ్బ తగిలాక ఈ పిల్లకి తెలివి పెరిగింది! ఆగస్టుకంటే ఎక్కువొచ్చాయి" అంది. అందరూ నవ్వారు. మార్లా కూడా నవ్వింది. కానీ కెమిస్ట్రీలో క్లాసుకే మొదటిగా ఉండే పిల్లకి ఆగస్టులో అంత తక్కువ ఎందుకొచ్చాయో ఆ గదిలో తనొక్కదానికే తెలుసు.

ఎందుకంటే ఆ కథ చెప్పింది తనే.

ఆగస్టులో జట్టుని ఇంటికి పిలిచి పెరట్లో సాసేజ్‌లు కాలుస్తున్నప్పుడు, కొత్త పిల్లలు బెరుగ్గా ఉన్నారని, నాలుగు నవ్వులు నవ్వించడానికి ఆ కథ చెప్పింది. "మా రోజుల్లో మేమెంత గడుసువాళ్ళమో తెలుసా? ఆ పరీక్ష మొదటిసారి కావాలనే తప్పులు రాసేవాళ్ళం. ఎర్రరంగు వస్తే ఆవులించి, చెవి గోక్కుని, అప్పుడు నొక్కేవాళ్ళం. తర్వాత తల పగిలినా మార్కులు తగ్గేవి కావు. మా కోచ్ మమ్మల్ని చూసి, ఉక్కు పిల్లలర్రా మీరు, అనేవాడు." పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది లేనీ. తను వాళ్ళకి నచ్చిందని మార్లా ఆ రాత్రంతా సంతోషపడింది కూడా.

టవల్‌ని విడిగా వేడినీళ్ళలో పడేసి పైకి వెళ్ళింది. అత్తగారు వెర్నా వచ్చి ఉంది. ఆట ఉన్న వారంలో ఆవిడ మిరప్పొడి దట్టించిన బీన్స్ కూరా, దాల్చినచెక్క రొట్టెలూ చేసుకొస్తుంది. వాటితోపాటు కొడుకుమీద జాలి కూడా పట్టుకొస్తుంది. "చలికాలమంతా డబ్బాల్లో తిండి తిని బతికేస్తాడు నా కొడుకు, పాపం" అంటూ కొడుకు పళ్ళెంలోకి ఇంకో రొట్టె తోసింది. డ్వేన్ చెడ్డవాడు కాదు. ట్రాక్టర్లు బాగుచేసుకుంటాడు, తాగడు, అరవడు. పళ్ళెం మాత్రం సింకుదాకా ప్రయాణం చేయించడు.

తన పిల్లలకోసం మార్లా నూడుల్స్ ఉడికించింది. వార్చాలి. "డ్వేన్, ఆ..." అని చెయ్యి చాపింది. పదం రాలేదు. "అది ఇటివ్వు. ఆ... చిల్లులది."

"పేరు లేదా దానికి?" డ్వేన్ నవ్వాడు. "అమ్మా, విన్నావా? నీ కోడలికి బంతాటలో వంద ఎత్తులు గుర్తుంటాయి. వంటింట్లో గిన్నె పేరు గుర్తుండదు."

"ఎలా ఉంటుందిరా, దాని మొహం చూసి ఎన్నాళ్ళయిందో!" అంది వెర్నా.

మార్లా వాళ్ళతో కలిసి నవ్వింది. రెండేళ్ళుగా నవ్వుతూనే ఉంది. పేరు నాలుకమీదికి రాకపోవడం అందరికీ ఉండేదే. కానీ తనకి వచ్చేది అది కాదు. పేరు ఉండాల్సిన చోట ఏమీ ఉండదు. మంచు పడ్డ పొలంలా తెల్లగా, కంచె ఎక్కడో గట్టు ఎక్కడో తెలియకుండా ఉంటుంది. కిందటి నెల తను పుట్టి పెరిగిన ఊళ్ళోనే ఒక మలుపు దగ్గర కారు ఆపుకుని, ఇటా అటా అని చెమటలు కక్కింది. ఎవరికీ చెప్పలేదు. ఇరవైయేళ్ళ వయసులో కావాలని తెచ్చుకున్న మార్కులు ఇప్పుడు కూర్చుని రాస్తే నిజంగానే వస్తాయేమోనని భయం. ఆ భయాన్ని మెయిన్ స్విచ్‌లా తాకకుండా పక్కనించి నడిచిపోవడం అలవాటు చేసుకుంది.

ఆ కిటుకు తను పరీక్షలో మాత్రమే వాడిందా? ఆలోచిస్తూ గిన్నెలు తోమింది. తను మెకానిక్కు కూతురు. ఇంజన్ చప్పుడు విని రోగమేమిటో చెప్పగలదు. పెళ్ళైన కొత్తలో డ్వేన్ ట్రక్కు కింద దూరి మూడు రోజులు తప్పు వెతుక్కుంటుంటే కాఫీలు అందించింది తప్ప నోరు విప్పలేదు. ఉద్యోగానికొచ్చిన రోజు ఎంతమంది సహాయకులు కావాలంటే "ఒకరు చాలండీ" అంది. మొదటే తక్కువ చేసి చూపించుకుంటే, తర్వాత ఎంత పోయినా పోయినట్టు ఎవరికీ తెలియదు. ఒక్కోసారి పోగొట్టుకున్నవాళ్ళకి కూడా తెలియదు.

ఏటా కోచ్‌లకి ఒక వీడియో చూపిస్తారు. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే మెదడు ఒక్కసారిగా వాచిపోతుందని, పిల్ల పడినచోటే ఉండిపోవచ్చని. ఏటా మార్లా ఆ భాగంలో కళ్ళు దించుకుని కాగితాలు సర్దుకుంటుంది.

శుక్రవారం పొద్దున వరండాలో వెనకనించి "కోచ్!" అని పిలిచారు. తిరిగింది. పిలిచింది ఆటల డైరెక్టర్ బ్రూబేకర్. పిలిచింది తనని కాదు, అవతలనించి వస్తున్న మగపిల్లల కోచ్‌ని. ఆయనతో రెండు ముక్కలు మాట్లాడి భుజం తట్టి, అప్పుడు ఇటు చూశాడు. "మార్లా! నువ్వూ ఇక్కడే ఉన్నావా? ఆ పిల్ల ఆడుతోందిగా? టిక్కెట్లన్నీ అయిపోయాయి తెలుసా? ఆడపిల్లల ఆటకి! నా సర్వీసులో ఇదే మొదలు."

"డాక్టరుగారు సంతకం పెట్టారు" అంది మార్లా. అబద్ధం కాదు.

"మరింకేం? సోమవారం కూర్చుందాం. ఈసారి ఏడాదికి కాదు, మూడేళ్ళకి రాయించేద్దాం నీ ఉద్యోగం కాగితం. రేపు కాస్త నవ్వుతూ కనబడు, ఫోటోవాళ్ళు వస్తున్నారు."

మూడేళ్ళు. తొమ్మిదేళ్ళుగా ప్రతి వసంతంలోనూ ఉంచుతారో పొమ్మంటారో తెలియక నిద్ర మానుకున్న మనిషికి మూడేళ్ళు. డ్వేన్‌కీ పిల్లలకీ ఆస్పత్రి ఖర్చుల బీమా ఈ ఉద్యోగం మీదే నడుస్తోంది. ఇంత చిన్న కాలేజీ కాదంటే తనని మరెవరూ పిలవరు. రేపు లేనీని ఊరికే బెంచీమీద కూర్చోబెట్టేస్తే? కోచ్ ఇష్టం, అడిగే హక్కు ఎవరికీ లేదు. ఓడిపోతాం. ఓడిపోతే సోమవారం మాట సోమవారం. కానీ పిల్ల ప్రాణం దక్కుతుంది, నోరు విప్పే పని ఉండదు. ఆ ఆలోచన రాగానే మార్లాకి ఊపిరి ఆడింది. అంతలోనే సిగ్గేసింది. అయినా లేనీని గదికి పిలిచింది.

పిల్ల వచ్చి కిటికీకి వీపు పెట్టి కూర్చుంది. బయట మంచుమీద ఎండ.

"వాంతి ఎన్నిసార్లయింది?"

"నాకేం లేదు కోచ్. పిజ్జా పడలేదు."

"టవల్ నేనే ఉతికాను లేనీ."

లేనీ గోళ్ళు చూసుకుంది. "రెండుసార్లు. ఇప్పుడు తగ్గిపోయింది. ఒట్టు. అమ్మావాళ్ళు నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వస్తున్నారు కోచ్, అమ్మమ్మ కూడా. కూర్చోబెట్టకండి."

"ఆగస్టు పరీక్ష నిజంగా రాశావా?"

పిల్ల తలెత్తి చూసింది. దొంగతనం బయటపడ్డ మొహం కాదది. కలిసి దొంగతనం చేసినవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకునే చూపు. "మీరే కదా చెప్పారు? సాసేజ్‌లు కాలుస్తూ?"

"అది నవ్వడానికి చెప్పిన కథే అమ్మాయ్."

"నవ్వాం. రాశాం కూడా."

"రాశాం అంటే?"

"అందరం." లేనీ చిన్నగా నవ్వింది. "పందెం వేసుకున్నాం, ఎవరికి తక్కువొస్తాయోనని. నేనే గెలిచాను."

ఒకరిని బెంచీమీద కూర్చోబెడితే సరిపోదు. కంప్యూటర్లో పద్నాలుగు అబద్ధాలు వరసగా కూర్చుని ఉన్నాయి, దెబ్బ తగిలిన ప్రతి పిల్లనీ "నీకేం కాలేదు, పో, ఆడుకో" అని తోసెయ్యడానికి. వచ్చే ఏడు వీళ్ళు కొత్తవాళ్ళకి నేర్పుతారు. ఇరవైయేళ్ళ తర్వాత వీళ్ళలో ఎవరో వంటింట్లో చెయ్యి చాపి, గిన్నె పేరు రాక, నవ్వుతారు.

"కోచ్," అంది లేనీ, కళ్ళమీద చెయ్యి అడ్డం పెట్టుకుని. "రేపు ఆట ఎన్నింటికి?"

పొద్దుటినించి ఆ పిల్ల ఆ మాట అడగడం అది మూడోసారి.

"లే," అంది మార్లా. "నాతో రా."

రోండా గదికి ఆనుకున్న లోపలి గదిలో దీపాలార్పి, మంచం మీద లేనీని పడుకోబెట్టారు. ఆమె తల్లికి ఫోన్ చేసి, బండి రాగానే ఆస్పత్రికి తీసుకెళ్తున్నామని మార్లాయే చెప్పింది. అవతల ఆ తల్లి ఏమడిగిందో, తనేం జవాబు చెప్పిందో, ఫోన్ పెట్టేసేసరికి గుర్తులేదు. లోపలి గది తలుపు మూసింది.

"ఆగస్టు మార్కులు తీసెయ్ రోండా. పద్నాలుగూ."

"అదేం?"

"అన్నీ దొంగవి. కావాలని తప్పులు రాశారు."

రోండా మంచుముక్కల సంచి కింద పెట్టింది. "ఎవరు నేర్పారు వీళ్ళకి?"

"నేనే."

"జోక్ చేస్తున్నావా?"

"చేశాను. ఆగస్టులో."

రోండా లోపలి గది తలుపు వైపు చూసింది. తర్వాత మెల్లగా అంది. "ఇది నేను పైకి రాసి పంపాలి. తెలుసుగా? నీ పేరుతో సహా."

"రాయి. మిగతా పదముగ్గురినీ రెండింటికి రమ్మన్నాను. మళ్ళీ పెట్టు. ఈసారి నేను గుమ్మంలో నిలబడతాను."

"మార్లా, నీ ఉద్యోగం పోతుంది."

"పోతుంది." పైకి అనేసరికి ఆ మాట అనుకున్నదానికంటే చిన్నగా వినిపించింది. అంతకంటే పెద్దది ఇంకొకటి మిగిలే ఉంది. ఇప్పుడు బయటికి వెళ్ళిపోవచ్చు. ఎవరూ అడగలేదు, ఎవరికీ తెలియదు. "వాళ్ళు వచ్చేలోపు ఆ కుర్చీ ఖాళీయేగా?"

రోండా అర్థంకానట్టు చూసింది. మార్లా వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుంది. చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"ముందు నాకు పెట్టు."

రోండా వచ్చి పక్కన కూర్చుని పేరు కొట్టింది, వయసు అడిగి కొట్టింది. "ఇంతకుముందు తలకి దెబ్బలు?" అని చదివింది.

ఈ ప్రశ్నకి మార్లా జవాబు ఎప్పుడూ ఒకటే. లేవు.

"మూడు," అంది. ఆగింది. "కాదు, నాలుగు. ఒకటి ఎవరూ చూడలేదు."

రోండా వేళ్ళు మీటలమీద ఆగిపోయాయి. తర్వాత నాలుగు అని కొట్టింది. "కాలేజీలో రాసిన పాత మార్కులు తెప్పించవచ్చా? తగ్గిందో లేదో చూడటానికి?"

"తెప్పించవచ్చు. అన్నీ అబద్ధాలే."

"మరి నేను దేంతో పోల్చను మార్లా?"

తెరమీద మొదటి పదం కోసం చిన్న గీత మిణుకుమిణుకుమంటోంది.

"దేంతోనూ వద్దు," అంది. "ఇదే మొదటిదని రాసుకో."