ఈశ్వరి వేరు

వరంగల్ దవాఖాన నుంచి ఊర్మిళ సిస్టర్ ఫోన్ చేసినప్పుడు నేను ల్యాబ్‌లో క్యాన్సర్ కణాలకు తిండి పెడుతున్నాను. మా పనే అది. ఎప్పుడో ఎవరి ఒంట్లోనో పుట్టిన కణాలను గాజు పళ్లేల్లో పెట్టి, వేళకు మేపి, పసిపిల్లల్లా సాకి, చివరికి ఏదో మొక్క సారం పోసి చంపడం. మా దగ్గరున్నవి మూత్రాశయ క్యాన్సర్ కణాలు. నేను ఈ పనిలో చేరిన మూడేళ్లకు మా బాపుకూ అదే జబ్బు బయటపడింది. లోకంలో ఇన్ని ఇళ్లుండగా మా ఇంటికే రావాలా అని ఆ పళ్లేలను చూసి పళ్లు కొరికిన రోజులున్నాయి.

"మీ బాపు రెండు వారాల సంది వస్తలేడు హరితా. ఊర్ల ఏమన్న పనుందా?" అంది సిస్టర్.

గడ్డను గోకి తీసేశాక వారానికోసారి, మొత్తం ఆరుసార్లు, క్షయ టీకాగా వేసే బీసీజీనే మందుగా గొట్టంతో మూత్రాశయంలోకి ఎక్కించాలి. మూడు అయ్యాయి. నాలుగోదీ ఐదోదీ కూడా అయ్యాయనే నేను అనుకుంటున్నాను. నేనుండేది వరంగల్‌లోనే అయినా, గొట్టం పెట్టేచోట కూతురు ఉండొద్దని బాపు నన్ను రానివ్వడు. మంగళవారం మంగళవారం ఫోన్ చేసి "అయిందా బాపు?" అంటే, "అయింది బిడ్డా, మంచిగనే ఉన్న" అనేవాడు. నేనూ నమ్మి ఫోన్ పెట్టేసేదాన్ని. నా అంత తెలివిగల కూతురు ఇంకొకతి ఉండదు.

ఆ రోజు సోమవారం. అప్పటికప్పుడే సెలవు పెట్టి బస్సెక్కాను. తొర్రూరులో బస్సు పావుగంట ఆగితే డ్రైవర్‌ను మనసులోనే తిట్టుకున్నాను. దంతాలపల్లిలో దిగి ఇంటికి వెళ్లేసరికి బాపు మంచం మీద కూర్చుని స్టీలు గ్లాసులో ఏదో తాగుతున్నాడు.

"దవాఖానకు ఎందుకు పోతలేవు?" చెప్పులు విప్పకుండానే అడిగాను.

బాపు అవ్వ దిక్కు చూశాడు. అవ్వ చేటలో బియ్యం మీదికి వంగింది. ఇద్దరూ కూడబలుక్కున్నారని అప్పుడే తెలిసిపోయింది.

"ఇంగ్లీషు మందు బంద్ వెట్టిన. పథ్యం ఉన్న" అన్నాడు బాపు.

"ఏం మందుకు పథ్యం?"

"గది చెప్పద్దు."

మా వైపు నాటు మందు తాగేవాళ్లు దాని పేరు నోట అనరు. అంటే గుణం పోతుందని నమ్మకం. వంకాయ, చింతపండు, కోడికూరతో పాటు ఇంగ్లీషు మందు కూడా ముట్టరు. ఇలాంటివి వింటే నాకు మామూలుగా నవ్వొస్తుంది. ఆ రోజు రాలేదు.

"చెప్పేదాక గీడనే కూసుంట. బువ్వ గూడ తిన."

ఆ బెదిరింపు బాపు మీద పని చేయలేదు కానీ అవ్వ మీద చేసింది. "నీ మందేనే! నువ్వు బడిల జూపెట్టిందే తాగుతుండు. ఎందుకట్ల పరేషాన్ అయితవు?" అంది.

నేను బడిలో ఏ మందూ చూపెట్టలేదు. నెల కింద మా ఊరి హైస్కూల్లో పిల్లలకు నా పని గురించి నాలుగు మాటలు చెప్పమంటే వెళ్లాను. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. తెర మీద బొమ్మలు చూపిస్తూ, "నేలవేము సారం పోసిన నలభై ఎనిమిది గంటల్లో ఇన్ని క్యాన్సర్ కణాలు చచ్చిపోయాయి" అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. అందరికన్నా చివరిదాకా కొట్టింది బాపే. ఆఖరి బొమ్మ గంగారం ఊరి కాళవ్వది. అడవి మందులు ఎరిగిన మనిషి. మొక్కలు ఏరుకోవడానికి నేను వెళ్లినప్పుడు సాయం చేసింది. గోనెసంచి మీద ఐదు రకాలు పరిచి, వాటి వెనక కూర్చుని నవ్వుతోంది. ఆమెకు కృతజ్ఞత చెప్పినట్టుంటుందని, బాగుందని, ఆ ఫొటో పెట్టాను.

బాపు మర్నాడే గంగారం పోయాడట. హరిత వాళ్ల బాపునని చెప్పుకుని, ఫొటోలో ఉన్న ఐదూ అడిగి తెచ్చుకున్నాడట.

"మూట ఏది?"

అవ్వ తెచ్చి ఇచ్చింది. నేలవేము, తిప్పతీగ, అటికమామిడి, ఎండిన మోదుగు పూలు. అడుగున మెలికలు తిరిగిన సన్నటి వేరు. విరిచి వాసన చూశాను. కర్పూరంలాంటి ఘాటు. అది ఈశ్వరి వేరు.

ఆ వేరులో ఉండే ఒక ఆమ్లం కిడ్నీలను పాడుచేస్తుంది. అంతకన్నా ఘోరం, మూత్రం పోయే దారిలో అదే క్యాన్సర్‌ను పుట్టిస్తుంది. ఇది కొత్త సంగతేం కాదు. గంగారం నుంచి వచ్చిన వారానికి పుస్తకాల్లో చదివి, నా నోట్‌బుక్‌లో ఈశ్వరి పేరు మీద గీత కొట్టేసి, మిగతా నాలుగింటితో పని మొదలుపెట్టాను. అది జరిగి రెండేళ్లు. "పేరు చెప్తే గుణం పోతదంటరు. నువ్వు సదువుకునే పిల్లవు, నీకు చెప్తే ఏం గాదు తియ్యి" అని కాళవ్వ తన కట్టుబాటు తప్పి నాకు ఐదింటి పేర్లూ చెప్పింది. నేను తిరిగి వెళ్లి ఆమెకు ఒక్క పేరు చెప్పలేదు. బస్సులు సరిగా లేవనుకున్నాను, ఎండలనుకున్నాను, నా పరిశోధన గైడ్ తొందరపెడుతున్నారనుకున్నాను. సాకులకేం తక్కువ?

"ఎన్ని రోజులైంది బాపు తాగవట్టి?"

"ఇరవై దినాలు. మూడోసారి మందెక్కించుకొని వచ్చిన నాటి సంది."

వేరు చేతిలో పట్టుకుని ఉన్నదంతా చెప్పాను. బాపు విని నవ్వాడు. "మా నాయిన పాము కరిసినోళ్లకు గిదే ఇచ్చేటోడు. విషమెట్లయితది? నువ్వే బొమ్మల జూపెట్టినవ్."

"తప్పు జూపెట్టిన."

"డాక్టర్ మాట ఇడిసిపెట్టిందే నీ మాట మీద. మల్ల నువ్వే గిట్లంటే ఎట్ల?"

"అది మందు గాదు బాపు. పళ్లెంల చచ్చినయి మనిషిల చస్తయని లేదు. మేం ఇంక ఎలుకలకు గూడ ఇయ్యలే."

"మరి నాలుగేండ్ల సంది నువ్వు చేసేది ఏంది?"

ఆ మాట ఇంకెవరన్నా ఇంత మంట పుట్టేది కాదు. "ఏది పనికిరాదో తెలుసుకునుడు! ఎక్కువ అదే చేస్తం" అని అరిచాను. అరిచాక ఏడుపొచ్చింది. "గిది పనికిరాదని నాకు రెండేండ్ల కిందనే ఎరుక. కాళవ్వకు చెప్పలే. ఎవ్వరికీ చెప్పలే."

బాపు గ్లాసు కింద పెట్టాడు. అవ్వ మెల్లగా లేచి గ్లాసూ కషాయం గిన్నే తీసుకుపోయి పెరట్లో పారబోసింది.

"ఇరవై దినాలకు ఏమైతది?" అని అడిగాడు చివరికి.

"తెల్వదు బాపు. రక్తం చూడాలె. దుర్బీన్ పెట్టి లోపల చూడాలె."

నిజంగానే తెలియదు. ఏ పుస్తకంలోనూ ఇరవై రోజులు తాగిన పోశాలు అనే మనిషి గురించి ఉండదు. ఏమీ కాకపోవచ్చు. అప్పటికప్పుడు ఏమీ కనబడకపోయినా ఏళ్ల తర్వాత కనబడొచ్చు. ఇంకెన్నేళ్లు భయపడాలో లెక్క వేసుకోవడం కూడా నాకు చేతకాలేదు.

బాపు జేబులోంచి ఫోన్ తీసి, నంబర్ వెతికి నొక్కాడు.

"వెంకట్రామన్నా, నేను పోశాలును. గా మందు మొదలువెట్టినవా? ... పారబొయ్యి. ... కాదు, డాక్టర్ అనలే. నా బిడ్డ చెప్పింది. ... ఆ, గా బిడ్డనే."

ఇక్కడ బాపు ఒక్క చిన్న అబద్ధం ఆడతాడేమోనని ఆశపడ్డాను. తనే వేరు మార్చి తెచ్చుకున్నానని అనొచ్చు. కాళవ్వ మీదికి నెట్టొచ్చు.

"తప్పయిందట అన్నా. ఎరుకుండి చెప్పలేదట. నన్ను జూసి మాఫ్ చెయ్యి" అని ఫోన్ పెట్టేశాడు.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "ఆయనెవరు?" అన్నాను.

"మందెక్కించే కాడ బెంచీ మీద నా పక్కకు కూసుంటడు. తొర్రూరాయన."

"ఇంకెవ్వరికన్న చెప్పినవా?"

"బెంచీ మీదోళ్లందరికి చెప్పిన" అన్నాడు. "నా బిడ్డ మందు కనిపెట్టిందని చెప్పుకోనా మరి? పోయినవారం వెంకట్రామన్న ఫోన్ల అందరికి ఇనవడేటట్టు గంగారం తొవ్వ గూడ చెప్పిన."

"ఎందరు బాపు? వాళ్ల నంబర్లున్నయా?"

లేవని తల ఊపాడు. లేచి, దండెం మీది చొక్కా తీసి దులిపి మడత పెట్టుకున్నాడు.

"రేపు మంగళవారమే గద. మొదటి బస్సుకు పోదాం పా. బెంచీ మీద ఎవరెవరు లేకుంటే వాళ్లు తాగుతున్నట్టే."