అతకని సగాలు

ఆలూ లేదు చూలూ లేదు అన్న సామెత మా షాపు బోర్డు కోసమే పుట్టి ఉంటుంది. 'ఇచ్చట సర్టిఫికెట్ పొందిన టెక్నీషియన్ కంప్యూటర్లు బాగుచేయును' అని మామయ్య పెద్దక్షరాలతో రాయించారు. ఆ టెక్నీషియన్ని నేనే. సర్టిఫికెట్ మాత్రం ఇంకా పుట్టలేదు.

మామయ్య ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవారు. ఇప్పటికీ వీధి వీధంతా ఆయన్ని రేడియో మేస్త్రి అనే పిలుస్తుంది. రేడియోలు మూలపడ్డాక ఆ బల్లనే కోడలికి అప్పగించి, కంప్యూటర్లు విప్పుకోమన్నారు. ఎదురుగా ఉన్న బడివాళ్ళేమో తమ కంప్యూటర్ల పని సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకే ఇస్తామన్నారు. అలా నా మెడకు ఈ పరీక్ష చుట్టుకుంది.

పరీక్షకు రెండు పేపర్లు. మొదటిది పాసయ్యాను, ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. రెండోది తప్పాను. ఆ మాట చెప్పడానికి నోరు రాక, వాయిదా పడిందన్నాను. అంతలో పరీక్షకు కొత్త వెర్షన్ వచ్చిందనీ, పాతది నెలాఖరుకు మూతపడుతుందనీ తెలిసింది. నన్ను తప్పించిన పేపర్ మొహం మళ్ళీ చూడబుద్ధి కాలేదు. గుట్టుచప్పుడు కాకుండా కొత్త వెర్షన్‌లో రెండో పేపర్ రాసి పాసయ్యాను. "రెండూ అయిపోయాయి మామయ్యా" అనగానే ఆయన బోర్డు రాసేవాడి దగ్గరికి పరుగెత్తారు.

సర్టిఫికెట్ కోసం వెళితే పరీక్ష కేంద్రంలోని గుమాస్తా తాపీగా చెప్పాడు.

"రెండు పేపర్లూ ఒకే వెర్షన్‌వి అయితేనే ఇస్తారమ్మా. మీది ఒకటి పాతది, ఒకటి కొత్తది. అతకవు. పాత రెండోదైనా రాయండి, కొత్త మొదటిదైనా రాయండి. ఎవరినైనా ఒక మాట అడగాల్సింది కదా?"

అడగాలంటే తప్పానని చెప్పాలి మరి. పాత మెమరీ ముక్క కొత్త మెషీన్‌లో దూరదని కస్టమర్లకు రోజూ క్లాసు పీకేదాన్ని నేనే. సిగ్గుతో చచ్చిపోయాను.

పాత రెండోది ఈ వారంలోనే రాయొచ్చు. కానీ పాసైందాన్ని మళ్ళీ రాయడమేమిటని ఇంట్లో అడుగుతారు. కొత్త మొదటిదైతే, కొత్తది వచ్చిందని రాస్తున్నా అంటే సరిపోతుంది. దానికి తేదీ మాత్రం వేసవి సెలవులయ్యి బడి తెరిచాక గానీ దొరకదు. అప్పటిదాకా మామయ్య ఆ అబద్ధపు బోర్డు కింద కూర్చోవాలి. అయినా సరే, కొత్తదే రాద్దామనుకున్నాను. పిరికితనానికి తెలివితేటలు ఎక్కువ.

షాపుకి తిరిగొచ్చేసరికి మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డారు.

"బడివాళ్ళు సంతకానికి రమ్మన్నారు తల్లీ. ఆ సర్టిఫికెట్ ఇటివ్వు, చూపించుకొస్తాను."

అప్పుడు చెప్పాను, మొదటినుంచీ అంతా. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. చెప్పులేసుకుని రోడ్డు దాటారు. వెనకే వెళ్ళాను.

హెడ్‌మిస్ట్రెస్ గదిలో ఆయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఎవరి ముందూ ఆయన అలా నిలబడగా నేను చూడలేదు.

"పొరపాటు నాదే మేడమ్. ఇంకా రాలేదని పిల్ల చెబుతూనే ఉంది. నేనే తొందరపడి బోర్డు పెట్టించాను."

తల తీసేసినట్టయింది. పరీక్ష తప్పినప్పుడు కూడా ఇంత సిగ్గుపడలేదు.

"మామయ్య నన్ను వెనకేసుకొస్తున్నారు మేడమ్. నేను పరీక్ష తప్పి, ఆయన దగ్గర దాచాను" అన్నాను.

ఆవిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"మరిప్పుడు ఏ వెర్షన్ రాస్తావు?"

"పాతదే. నేను తప్పింది అందులోనే."

"సర్టిఫికెట్ వస్తే తీసుకురా. అప్పుడు చూద్దాం" అని ఆవిడ తన కాగితాల్లో తల దూర్చేసింది.

షాపు ముందు మామయ్య స్టూలెక్కి బోర్డు విప్పడం మొదలుపెట్టారు. కింద స్టూలు పట్టుకుని నిలబడ్డాను. వచ్చేపోయేవాళ్ళు చూస్తూనే ఉన్నారు. ఆయన ఒక్కో స్క్రూ తీసి నా అరచేతిలో వేస్తూ, నా ముఖం చూడకుండానే అన్నారు:

"పారేయకు. మళ్ళీ బిగించాలి."